వాసన లేని చలికాలం

కలలో తోట గులాబీల వాసన వచ్చింది. రేకుల మడతల్లో దాక్కున్న తేనెలాంటి వాసన. ఆవిడ కలలోనే ఊపిరి నిండా పీల్చుకుంది. కళ్ళు తెరిచేసరికి కిటికీ అద్దం మీద మంచు తెల్లగా పట్టి ఉంది. వాసన లేదు. మూడు నెలలుగా అంతే. నిద్రలో వస్తుంది, మెలకువ రాగానే వచ్చిన దారినే వెళ్ళిపోతుంది.

మేడ మీద ఇల్లు, కింద పూల కొట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టు ఆవిడదే. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పూలత్తయ్య. చలి మొదలైన రోజుల్లో పది రోజులు జ్వరపడి లేచింది. ఒంట్లో సత్తువ తిరిగొచ్చింది గానీ వాసన తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పకుండా ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టాలన్నాడాయన. ఆ మాట చీర కొంగున ముడేసుకున్నట్టు లోపలే ముడేసుకుని ఇంటికొచ్చింది.

కాళ్ళ చప్పుడు కాకుండా పూల మండీకి బయలుదేరింది. కోడలి గదిలో దీపం వెలుగుతోంది. చూసీ చూడనట్టు దాటిపోయింది.

కోడలు ఆ ఇంటికొచ్చి రెండేళ్ళు. పెళ్ళికి ముందు బట్టలు కుట్టేది. గుడ్డకి కుచ్చిళ్ళు పోసినంత ఒడుపుగా ఇప్పుడు పూలగుత్తి కడుతుంది. కొడుకు దూరపు బస్సులు నడుపుతాడు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. అందుకని అత్తాకోడళ్ళే ఒకరికొకరు తోడు. "పూలు కట్టడం నీకొచ్చేసింది, ఇక ఎంచడం రావాలి. ఈ చలికాలం నిన్ను మండీకి తీసుకెళ్తాను" అని ఆవిడే మాటిచ్చింది. తీరా చలికాలం వచ్చాక, శాలువా కప్పుకుని రెండు రోజులు గుమ్మంలో నిలబడ్డ పిల్లని, చలిగా ఉంది పడుకోమని వెనక్కి పంపేసింది. మూడో రోజు నుంచి కోడలు గుమ్మంలో నిలబడలేదు. అన్నం దగ్గర కబుర్లూ తగ్గిపోయాయి.

మండీ మంచులో తేలుతున్నట్టుంది. దీపాల కింద చామంతుల బుట్టలు, డాలియాల కట్టలు, తడి గోనెల్లో చుట్టిన లిల్లీలు. మనుషులు పొగమంచులోంచి వచ్చి, ఓ మాట మాట్లాడి, మళ్ళీ అందులోకే వెళ్ళిపోతున్నారు. ఇదివరకు అక్కడ అడుగుపెడితే వాసనలే చేయి పట్టుకుని నడిపించేవి. ఇప్పుడు అంతా అద్దం అవతల జరుగుతున్నట్టుంది. రంగులున్నాయి, చప్పుళ్ళున్నాయి, తను మాత్రం ఇవతల ఉంది.

గులాబీ మొగ్గని కింది భాగంలో నొక్కి చూసింది, గట్టిగా ఉంది. కాడ తుంపి చూసింది, పచ్చిగా ఉంది. అంతవరకు వేళ్ళు చెప్పగలవు. లిల్లీలమ్మే ఆమె దగ్గర ఆగి, ఈసారి ఎలా ఉన్నాయని మాటవరసకి అన్నట్టు అడిగింది.

"మీకు నేను చెప్పాలా అత్తయ్యా? మీ ముక్కుకి భయపడి కదా మేం నిన్నటి పూలు మీకు చూపించం" అని ఆమె నవ్వింది.

పూలత్తయ్య కూడా నవ్వింది. ఓ కట్ట ఎత్తి ముఖానికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, తృప్తిగా తలూపింది. ఆ తలూపడం ఎంత బాగా అలవాటైందో తలుచుకుంటే దారంతా సిగ్గేసింది.

ఆ రోజు నెల మొదటి తారీఖు. వీధి చివరింట్లో సంగీతం టీచరుగారు ఉంటారు. పదిహేనేళ్ళ కిందట చూపు పోయింది. ప్రతి నెలా మొదటి రోజున ఆవిడ చేతికి ఆ కాలపు పూలగుత్తి అందాలి. బయట ఏ కాలం నడుస్తోందో తనకి పూలే చెప్పాలని ఆవిడ అంటుంది. జ్వరం ముందు వరకు పూలత్తయ్య స్వయంగా పట్టుకెళ్ళి, గంటసేపు కూర్చుని వచ్చేది. తర్వాత మూడు నెలలూ మోకాళ్ళ నొప్పి వంక పెట్టి కోడలి చేత పంపింది. కోడలు వాళ్ళ పనిమనిషి చేతికిచ్చి వచ్చేసేది. ఈ నెల తెల్ల లిల్లీలు, మధ్యలో లేతరంగు గులాబీలు. చూడ్డానికి పొద్దుటి వెలుగుని పోగేసి కట్టినట్టుంది గుత్తి. కోడలు దాన్ని తీసుకుని వెళ్ళింది.

ఆవిడ మేడ మీదికెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టి, ముందు గదిలో కూర్చుని గులాబీ కాడలకి ఆకులు దూసుకుంటూంది. కోడలు తిరిగొచ్చింది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ టీచరుగారే తలుపు తీశారు అత్తయ్యా. పూలని ముఖానికి పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. మీ అత్తగారికి నా మీద కోపమా అమ్మా అని అడిగారు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. కోపమెందుకని గొణిగింది.

"మూడు నెలలుగా మీ పూలు నాతో మాట్లాడ్డం లేదన్నారు. నేనూ అక్కడే వాసన చూశాను. ఏమీ లేదు. అచ్చం మంచి లిల్లీల్లాగే ఉంటాయట, వాసన లేని రకమట. వాళ్ళ ఎదురింటావిడ చెప్పింది." కోడలు ఓ అడుగు ముందుకేసింది. "చూపు లేని మనిషికి వాసన లేని పూలు పంపుతామా? మీకు తెలియదంటే నేను నమ్మను. తెలిసే పంపారు. అందుకేనా నన్ను మండీకి రానివ్వంది? నాకు తెలిసిపోతుందనా?"

జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. నాకు ముక్కు పని చెయ్యట్లేదు అని నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలూ అంటే ముప్ఫై ఏళ్ళ పూలత్తయ్య ఇక ఉండదు. మోసగత్తె అనిపించుకున్నా ఇంకా పూలత్తయ్యే. అలాంటి పిచ్చి లెక్క ఏదో ఆ క్షణాన మనసులో తిరిగింది.

"అలాగే అనుకో అమ్మాయ్" అంది తలెత్తకుండా.

కోడలు మెట్లు దిగి కొట్లోకి వెళ్ళిపోయింది. కిందికి దిగే ఒక్కో అడుగూ ఆవిడ గుండె మీద పడింది. వంటింటి వైపు వీపు పెట్టి, అప్పటికే దూసిన కాడనే మళ్ళీ మళ్ళీ దూస్తూ కూర్చుంది. కళ్ళు మండుతున్నాయి. ఏడుపు కదా, మండవా మరి అనుకుంది.

కాసేపటికి మెట్ల మీద పరుగు వినిపించింది. కోడలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గదిలోకొచ్చి, ఆవిడని దాటుకుని వంటింట్లోకి దూరింది. పొయ్యి కట్టేసిన చప్పుడు, గిన్నె తొట్టిలో పడి సుయ్యిమన్న చప్పుడు, కిటికీలు తెరిచిన చప్పుడు. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది ఆవిడ. వంటిల్లంతా నల్లటి పొగ. పాలు మాడి, గిన్నె మాడి, పొగ గుమ్మం దాటి ఆవిడ కుర్చీ దాకా వచ్చేసింది.

కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఆవిడనే చూస్తోంది. పొగనీ, పొగ అంచున ఏమీ తెలియకుండా ఆకులు దూస్తున్న మనిషినీ. కొట్లో బకెట్ల నీళ్ళు అత్తయ్య రోజుకి మూడుసార్లు ఎందుకు మారుస్తోందో, కూరలో ఉప్పు అందిందా అని తననే ఎందుకు అడుగుతోందో, అన్నీ ఒక్కొక్కటిగా ఆ పిల్ల ముఖంలోకి వచ్చి చేరాయి.

"ఎప్పటినుంచి అత్తయ్యా?"

"జ్వరం నుంచి."

ఆ తర్వాత మాటలు ఆగలేదు. ఆవిడే చెప్పుకుపోయింది. తింటున్నదేమిటో తెలియడం లేదని, మనవడో మనవరాలో పుడితే ఆ పసిబిడ్డ తల వాసన కూడా తనకి తెలియదేమోనని, పొద్దున్నే కలలోంచి బయటికి రావాలంటే భయమేస్తోందని. కోడలు నేల మీద కూర్చుని ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

"నువ్వు పక్కనుంటే అడుగుతావు కదమ్మా. ఇదెలా ఉంది, అదెలా ఉంది అని. నా దగ్గర చెప్పడానికేముంది? అందుకే రానివ్వలేదు."

"నేను మీకు నచ్చలేదనుకున్నాను. పరాయిదాన్ని కదా, పని నేర్పడం ఇష్టంలేదనుకున్నాను" అంది కోడలు. "ఎంత మాట అన్నాను మిమ్మల్ని" అని ఏడ్చింది.

"మాట పడటమే తేలికనిపించింది. చెప్పుకోవడం కంటే."

మధ్యాహ్నం ఇద్దరూ కొట్టు మూసి టీచరుగారింటికి వెళ్ళారు. పూలు తీసుకెళ్ళలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది పూలత్తయ్య. టీచరుగారు చెయ్యి చాపి ఆవిడ చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నాకు చూపు పోయిన కొత్తలో రోజూ సాయంత్రం కాగానే ఇంట్లో దీపాలన్నీ వేసేదాన్ని. ఏడాది పాటు. చీకట్లో కూర్చుంటే ఇరుగుపొరుగు కనిపెట్టేస్తారని" అంది. "నా ముఖం చూసి అందరికీ ఎప్పుడో తెలిసిపోయిందట. నాకే తెలియలేదు."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఎవరి కళ్ళు వాళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు తెల్లవారుజామున శాలువాలు కప్పుకుని అత్తాకోడళ్ళు మంచులో నడిచారు. మండీలో ఆవిడ కాడలు పట్టి చూస్తుంటే, కోడలు వాసన చూసి చెబుతోంది. మొదట్లో బాగుంది, బాలేదు అని తప్ప ఇంకో మాట రాలేదు. అలా కాదు, దేనిలా ఉందో చెప్పమంది ఆవిడ. తడిసిన సుద్దముక్కలా ఉందంటే, కోసి చాలా రోజులైంది, వదిలెయ్యమంది. నిమ్మతొక్క గిల్లినట్టుందంటే, పొద్దున కోసినవి, తీసుకోమంది. లిల్లీలమ్మే ఆమె బుట్ట సర్దడం మానేసి ఇద్దరినీ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమెకీ దాచకుండా చెప్పింది పూలత్తయ్య. ఆమె బుట్ట అడుగునున్న మంచి కట్టలు తనే పైకి తీసిపెట్టింది.

చివర్లో ఎవరో పెరటి గులాబీలు చిన్న బుట్టలో తెచ్చారు. పూలు చిన్నవి, రేకులు కాస్త నలిగి ఉన్నాయి. కోడలు బుట్టలోకి ముఖం వంచి అలాగే ఉండిపోయింది.

"ఏమిటి అమ్మాయ్? దేనిలా ఉంది?"

కోడలు ఒకటి రెండుసార్లు చెప్పబోయి ఆగింది. తర్వాత మెల్లగా అంది.

"చిన్నప్పుడు వానపడి బడికి సెలవిచ్చేవారు కదా అత్తయ్యా. అమ్మ పక్కలో దూరి మళ్ళీ దుప్పటి కప్పుకుంటామే. అలా ఉంది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఈసారి నటించడానికి కాదు. దుప్పటి కింద వెచ్చదనం, బయట వాన, తల్లి మెడ దగ్గరి ఆ తీపి, అన్నీ ఒక్కసారిగా వచ్చి ముంచేశాయి. కళ్ళు తెరిచినా పోలేదు.

"తీసుకోమ్మా" అంది. "బుట్టతో సహా తీసుకో."