ఇల్కల్ కొంగు బ్యాక్‌గ్రౌండ్

కందుల వ్యాపారి శరణప్ప మండీలో కూర్చొని, తన చెల్లెలిని నాకు ఫుకట్‌గా, పైసా తీసుకోకుండా ఇచ్చానని దొరికినవాడికల్లా చెబుతున్నాడు. మొన్న హోటల్లో నా ఎదుటే చెప్పాడు, అదీ నేను ఇప్పించిన చాయ్ తాగుతూ. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని, రాయడం నాకు అలవాటు లేదు. అయినా జహీరాబాద్‌లో ఒక్కరికైనా నిజం తెలియాలని రాస్తున్నాను.

నా పేరు నాగరాజ్. బస్టాండు వెనక ఫ్లెక్సీల దుకాణం. పుట్టినరోజైనా, పెళ్లైనా, దినాలైనా డిజైన్ నేనే చేస్తాను. ఇంగ్లిష్ రాదు. ఫోటోషాప్‌లో ఏ బటన్ ఎక్కడుందో చేతికి తెలుసు, దాని పేరు అడిగితే చెప్పలేను. ఈ సంగతి మొదలైనప్పటికి నలభై రెండేళ్లు, పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగినవాళ్లకు ఫ్లెక్సీ లేటుగా ఇచ్చేవాణ్ని.

శరణప్ప చెల్లెలు రోజా మా ఎదుటి వరుసలో బ్లౌజులు కుట్టేది. ముప్పై ఆరేళ్లు. వచ్చిన ప్రతి సంబంధానికీ శరణప్ప వంక పెట్టి పంపేశాడు. ఒకడి ముక్కు, ఒకడి ఊరు, ఇంకొకడి మోటార్ సైకిల్.

ఒక వానరోజు ఆమె తన దుకాణానికి బోర్డు కావాలని వచ్చింది. పేరు వెనక చారలుండాలంది. నా పనితనం చూపించాను. తెల్ల పేజీ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వేసి, ఆ చుక్కలను పక్కకు సాగదీస్తే బట్ట నేతలాగా వస్తుంది. దాని మీద ఎర్ర చారలు దించాను. పది నిమిషాల పని. ఇక మెచ్చుకుంటుందని కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాను.

"అన్నా, ఇది బట్టనా, రైల్వే గేటా?" అంది.

చారల మాట పోనీ, ఆ 'అన్నా' దగ్గర నాకు ఎందుకో చిరాకేసింది.

"నేసినోని చెయ్యి జర అటిటు అయితది. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటదా? గా చెయ్యి కనబడాలె."

మర్నాడు ప్లాస్టిక్ కవర్లో చుట్టి వాళ్లమ్మ ఇల్కల్ చీర తెచ్చింది. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఎర్ర కొంగు, తెల్ల చారలు. ఒకచోట మేకు తగిలి చిరిగితే, ఇంట్లో ఎర్ర దారం లేక రోజాయే పచ్చ దారంతో కుట్టిందట. కొంగును మడిచి స్కానర్ మీద పెడితే మూత పడలేదు. ఆమె ఒక వైపు, నేనొక వైపు నొక్కి పట్టుకున్నాం. వెలుతురు మా వేళ్ల కింద నుంచి నెమ్మదిగా అటు పోయింది. మొదటిసారే బాగా వచ్చింది. అయినా నాలుగుసార్లు స్కాన్ చేశాను.

"మిషన్ ఖరాబైందా ఏంది?" అంది నవ్వాపుకొని. ఈసారి చివర 'అన్నా' లేదు.

ఆ చారలు తన బోర్డుకు తప్ప ఇంకెక్కడా వేయొద్దని మాట తీసుకుంది. ఇచ్చాను. ఆ నెలలో నా చొక్కాలకు తెగినన్ని గుండీలు జన్మలో తెగలేదు. ప్రతి గుండీకీ ఎదుటి దుకాణానికి పోయేవాణ్ని. ఆమె కుట్టేది, నేను వాన సంగతి మాట్లాడి వచ్చేవాణ్ని. అసలు మాట గొంతు దాటలేదు.

అది దాటక ఇంకో దారిన పోయింది. రాయికోడ్ నుంచి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వస్తే, చెయ్యి దానంతటదే ఆ కొంగును వెనక వేసింది. తర్వాత ఝరాసంగంలో ఒక మాస్టారు రిటైర్మెంటు. తర్వాత న్యాల్‌కల్‌లో ఒక ముసలాయన దినాలు. రెండు నెలల్లో ఎక్కడ చూసినా అవే చారలు, ఒకే ముక్కను పక్కపక్కన అతికించినందుకు మూరకొకచోట అదే పచ్చ కుట్టు.

అంతలో శరణప్పకు యాభై నిండాయి. మండీవాళ్లు పన్నెండడుగుల ఫ్లెక్సీ చెప్పారు. నా చెయ్యి అలవాటు మానలేదు. శరణప్ప దాని ముందు సెల్ఫీ తీసుకుంటూ, ఫోన్లో తన తల వెనక తల్లి కొంగును చూశాడు. ఒక పచ్చ కుట్టు సరిగ్గా ఆయన చెవిలోంచి మొలిచినట్టు పడింది.

నలుగురిని వెంటేసుకొని దుకాణం మీదికొచ్చాడు. గోల విని రోజా కూడా వచ్చింది, మెడలో టేపుతోనే.

"మా అమ్మ కొంగు ఊరంత ఏలాడదీసినవ్. ఏంది నీ కథ?"

అలాంటి చారలు సవాలక్ష చీరలకు ఉంటాయని నీళ్లు నమిలాను.

"పచ్చ కుట్టు గూడ ఉంటదా? పదకొండు ఉన్నయ్. నేనే లెక్కబెట్టిన."

రోజా అన్నను ఆగమని, నా వైపు తిరిగింది. "గా కుట్టు కంప్యూటర్ల తుడిచెయ్యనీకె ఎంతసేపు పడ్తది?"

"ఒక్క నిమిషం."

"మరెందుకు తుడవలే?"

"తుడిస్తే అంగట్ల దొరికే చీర అయితది. నువ్వు కుట్టినవని ఉంచిన. రోజు చూసుకుంట కూసుండనీకె."

వెనక ప్రింటర్ ఆగకుండా అవే చారలతో ఇంకో ఫ్లెక్సీ కక్కుతోంది.

రోజా టేపును వేలికి చుట్టుకుంటూ అంది. "గీ ముక్క నాకు చెప్పక, న్యాల్‌కల్ దాక ఊరూరికి చెప్పినవా?"

ఆమె ముఖం చూసి శరణప్పకు సంగతి అర్థమైంది. వంక కోసం నా ముక్కు చూశాడు, బయటున్న మోటార్ సైకిల్ చూశాడు. చివరికి న్యాల్‌కల్‌లో తన చేనును ఆనుకొని ఉన్న నా మెట్ట చెలక గుర్తొచ్చింది. ఆరేళ్లుగా అడుగుతున్నాడు, నేను ఇవ్వలేదు.

"మా అమ్మ కొంగుకు జుర్మానా కట్టు. గా చెలక రాసియ్యి, లగ్గం నేనే చేస్త."

"రాయనియ్యన్నా," అంది రోజా. "గని నా పేరు మీద. కొంగు నాది, కుట్టు నాది."

నలుగురి ముందు అన్న మాట శరణప్ప వెనక్కి తీసుకోలేకపోయాడు. పెళ్లి ఫ్లెక్సీకి వెనక ఉత్త తెల్ల రంగే వేయమంది రోజా. ఆ చీర ఆమె ఒంటి మీదే ఉంది.

ఇప్పుడు ఆ చెలకలో కంది, జొన్న ఆమె చెప్పిన సాళ్లలోనే మొలుస్తాయి. గట్టు మీద కూర్చోవాలన్నా నేను అడిగి కూర్చోవాలి. దీన్ని శరణప్ప ఫుకట్ అంటాడు. నాకు పోయింది న్యాల్‌కల్ శివారులో ఎర్ర నేల, సరిగ్గా పద్నాలుగు గుంటలు.