సగం నిజమైన వార్త

ఆ రేడియో స్టేషన్‌లో పొద్దుటి బులెటిన్ ఇద్దరు చదివేవారు. ప్రపంచ వార్తలు ఆమెవి. కొత్తగా తెరిచిన క్లబ్బులు, సినిమావాళ్ళ పెళ్ళిళ్ళు, విడాకులు అతనివి.

అతను చేరిన మొదటి రోజే గొడవైంది. ఎక్కడో ప్రభుత్వం పడిపోయిందని ఆమె చదివి ముగించిందో లేదో, అతను "ఇక సంతోషకరమైన విషయానికొద్దాం" అంటూ ఒక డీజే గురించి అందుకున్నాడు.

మైకులు ఆగాక ఆమె హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టింది.

"నా వార్త తర్వాత కనీసం ఊపిరి పీల్చుకునేంత సేపైనా ఆగండి."

"ఆగుతాను. ఎవరి ఊపిరండీ?"

ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి అతను నిజంగానే ఆగేవాడు. ఆ ఖాళీలో ఆమె వైపు చూసేవాడు. ఆమె కాగితాల వైపు చూసేది. కొన్నాళ్ళకు కాగితాల వైపు చూడటం మానేసింది.

ఒక వానరోజు ఇద్దరూ ఒకే గొడుగులో క్యాంటీన్‌కు వెళ్ళారు. సాయంత్రానికల్లా వాళ్ళు ప్రేమించుకుంటున్నారని స్టేషన్‌లో అందరికీ తెలిసిపోయింది, వాళ్ళిద్దరికీ తప్ప.

ఎడిటర్ అతన్ని పిలిచాడు.

"మీ వార్తల మధ్య ఆ ఖాళీ ఏమిటని వినేవాళ్ళు కూడా ఫోన్లు చేసి అడుగుతున్నారయ్యా. రేపటి గాసిప్‌లో మీ ఇద్దరి సంగతే పెట్టు."

"పెట్టనండీ."

"ఊరందరి కొంపల సంగతులూ చదువుతావు. నీది చదవలేవా?"

"నాదైతే చదువుతాను. ఆవిడది నేనెలా చదవను?"

"అయితే చదివేవాణ్ణి వేరే చూసుకుంటాను."

అతను బయటికొచ్చి తన బ్యాగు సర్దుకోసాగాడు. గోడలు పల్చనివి కావడంతో ఆమెకు అంతా వినబడింది. వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎందుకు పెట్టనన్నారు?"

"అబద్ధం కదండీ."

"మొత్తమా?"

"సగం."

"ఏ సగం?"

"మీ సగం."

ఆమె తన మామూలు వార్తల గొంతుతోనే అడిగింది.

"నన్ను అడక్కుండా నా సగం అబద్ధమని ఎలా తేల్చారు?"

అతని చేతిలోని చార్జర్ కిందపడింది. అది తీసుకుని లేచేసరికి ఆమె ఎడిటర్ గదిలోకి వెళ్ళి తిరిగి వచ్చేసింది కూడా.

"మీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. మిమ్మల్ని తీసేస్తే, రేపు ప్రపంచంలో ఏం జరిగినా నేను చదవనని చెప్పాను. ఆదివారం మా ఇంటికి రండి. మా అమ్మ మీ గాసిప్ రోజూ వింటుంది. నా వార్తలప్పుడు మిక్సీ వేస్తుంది."

ఆదివారం వాళ్ళమ్మ అతనికి కాఫీ ఇచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"ఆ హీరోయిన్ విడాకులు నిజమేనా బాబూ?"

"నాకూ తెలీదండీ. అలా అనుకుంటున్నారని మాత్రమే చదివాను."

"పోనీ, మా అమ్మాయి నీకు నచ్చిందా? అదీ ఎవరో అనుకుంటున్నదేనా?"

"అది నేనే అనుకుంటున్నానండీ. చాలా రోజులుగా."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "అబద్ధం చెప్పడం రానివాడు ఈ ఉద్యోగం ఎలా చేస్తున్నాడే?"

"అందుకేనమ్మా, నీకు చూపిద్దామని తీసుకొచ్చాను."

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, కూతురితో అంది.

"సరే, వెళ్ళి మీ నాన్నని నిద్రలేపు."