గీత మీద నిమ్మకాయ

రుబీనా డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి వనపర్తి బజారులో ఇంకా ఒక్క దుకాణమూ తెరవలేదు. దుపట్టా కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"మేడం, మా అబ్బాను దగాకోరు అంటున్నరు. మీరే జర చూడాలె."

డిటెక్టివ్ జయశ్రీ ఆమెను కూర్చోబెట్టింది. సహాయకురాలు స్వరూప మంచినీళ్లు తెచ్చింది. ఎవరు మాట్లాడినా జయశ్రీ కళ్లు సగం మూసుకుని వింటుంది. చూసేవాళ్లకు నిద్రపోతున్నట్టు ఉంటుంది. స్వరూపకు మాత్రం ఆ సగం మూసిన కళ్లంటే ఎంతో గౌరవం.

రుబీనా తండ్రి అబ్దుల్ ఖాదర్ కొత్తకోటలో బండ్ల మెకానిక్. ఊరి బయట హైవేను వెడల్పు చేస్తున్నారు. కొత్తగా వేసిన వైపు ఇంకా లారీలను వదలలేదు. ఆదివారం అక్కడ మోటారు సైకిళ్ల పందెం జరిగింది. రెండు బండ్లు గీత మీద నిలబడి, దీపం వెలగగానే తిన్నగా దూసుకుపోవాలి. ఆ దీపాల పెట్టె చేసింది ఖాదరే.

"గీత మీద ముందు చక్రం పెడితే పసుపు బల్బు వెలుగుతది" అని రుబీనా చెప్పింది. "రెండు దిక్కుల పసుపు వెలిగినంకనే, పందెం పెట్టే బాలన్న పచ్చబల్బు వేస్తడు. పచ్చది రాకముందే చక్రం గీత దాటితే ఎర్రది. ఇగ ఓడినట్టే. ఆఖరి పందెంల మా అన్న పర్వేజ్, మీ ఊరి దినేష్ నిలబడ్డరు. దినేష్ దిక్కు ఎర్రది వెలిగింది. తను కదలనే లేదంటడు. కొడుకు గెలవాలని అబ్బానే వైర్లు మార్చిండంట."

"ఇప్పుడేమంటున్నారు?"

"శుక్రవారం పొద్దుమీకి బాలన్న అందరినీ పిలిచిండు. తప్పు మాదని తేలితే ఇగ మా దుకాణానికి ఎవ్వరూ బండి తేరు. అబ్బా అప్పుడే పానలన్నీ సంచిల కట్టి మూలకు పెట్టిండు."

మర్నాడు ఉదయం స్వరూప ఆ కొత్త రోడ్డును చూసి మాట మరిచిపోయింది. మంచులో అది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. పక్క రోడ్డు మీద లారీలు కనిపించకుండానే వెళ్లిపోతున్నాయి, ఎవరి కలలోనో నడుస్తున్నట్టు. తారు మీద తెల్ల గీత ఒక్కటే స్పష్టంగా ఉంది.

జయశ్రీ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. దినేష్ నిలబడిన వైపు, గీతకు కాస్త అవతల, ఎండిన నిమ్మతొక్క ఒకటి తారుకు అతుక్కుపోయి ఉంది. చీమలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. పర్వేజ్ వైపు అలాంటిదేమీ లేదు.

"దిష్టి తీసిన నిమ్మకాయ, అక్కా" అంది స్వరూప.

"అవును. ఎప్పుడు చితికిందో అడుగుదాం."

దినేష్ ఇంట్లో వాళ్లకు ముందు ఎదురైంది అతని మేనత్త భీమమ్మ.

"నేనే పెట్టిన" అంది గర్వంగా. "పిలగాడు కాళ్లతోని నూకి నూకి బండిని గీత చివరంచుకు తెచ్చిండు. ఇంక జరంత ముందుకైతే పసుపు దీపం ఆరిపోతుండె. అట్ల నిలబడ్డంక చక్రానికి ఆనిచ్చి నిమ్మకాయ పెట్టిన."

"పర్వేజ్ అప్పటికి వచ్చాడా?"

"ఏడొచ్చిండు! పెండ్లికొడుకు లెక్క చేతితొడుగులు ఏసుడు, తీసుడు, మల్ల ఏసుడు. మావోడు ఇక్కడ గేరేసి, క్లచ్ పట్టి, బండిని గుర్రుమనిపిస్తుండు. ఏందో మాడు వాసన గూడ వచ్చింది."

"తర్వాత?"

"ఆఖరికి వాడు వచ్చి నిలబడ్డడు. అప్పుడే నా నిమ్మకాయ పటుక్కుమన్నది. దిష్టి పోయింది, ఇగ మనదే గెలుపు అనుకున్న. ఎంటనే ఆ పాడు ఎర్రది వెలిగింది!"

దినేష్ లోపలినుంచి వచ్చాడు. "మేడం, దేవుని మీద ఒట్టు. నేను క్లచ్ వదల్లె. ఎర్రది చూసి బండి బంద్ చేసి ఆడనే దిగిన."

జయశ్రీ తల ఊపింది. వాళ్లు కొత్తకోట చేరేటప్పటికి ఖాదర్ దుకాణంలో ఖాళీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పానలు తగిలించే మేకులు మాత్రమే మిగిలాయి.

"దినేష్ బండి మీరే చూస్తారా, ఖాదర్ భాయ్?"

"చిన్నప్పటి నుంచి చాచా చాచా అనుకుంట ఈడికే వస్తడు. క్లచ్ ప్లేట్లు అరిగినయి, మార్చుకో బేటా అని మొన్ననే చెప్పిన. పందెం అయినంక చూద్దాం అన్నడు."

"అప్పుడు ఎవరెవరు ఉన్నారు?"

"నేను, పర్వేజ్. ఇంకెవరుంటరు?"

వెనక బండి తుడుస్తున్న పర్వేజ్ చేతిలోని గుడ్డను మడిచి పక్కన పెట్టాడు.

శుక్రవారం సాయంత్రం అందరూ గీత దగ్గర చేరారు. ఎండ పలచబడి రోడ్డంతా తేనె రంగులో ఉంది. దీపాల పెట్టెను జయశ్రీ మళ్లీ పెట్టించింది. దినేష్‌ను మొన్నటిలాగే గీత అంచున నిలబడమంది. భీమమ్మ కొత్త నిమ్మకాయ ఆనించింది. పర్వేజ్‌ను జయశ్రీ పక్కకు పిలిచి, ఊరికే నిలబడమంది.

"ఏమన్నా జరుగుతదా, లేక ఈ నిమ్మకాయతోని పులుసు వండుకోమంటవా?" అన్నాడు బాలన్న.

బండి గుర్రుమంటూనే ఉంది. దినేష్ ఎడమచేయి క్లచ్‌ను గట్టిగా పట్టుకునే ఉంది. కాసేపటికి మాడు వాసన లేచింది. తర్వాత చక్రం, నిద్రలో ఒత్తిగిలినంత మెల్లగా, ముందుకు జరిగింది. నిమ్మకాయ పటుక్కుమంది. ఎర్రబల్బు వెలిగింది.

దినేష్ తన చేతిని తానే చూసుకున్నాడు.

"దీపం తప్పు చెప్పలేదు. దినేష్ అబద్ధం చెప్పలేదు" అంది జయశ్రీ. "అతను వదలకపోయినా బండి కదిలింది. క్లచ్ పట్టి ఎక్కువసేపు రేస్ ఇస్తే అరిగిన ప్లేట్లు వేడెక్కి అంటుకుంటాయి. అతను నిలబడ్డది అంచున కాబట్టి కొంచెం జరిగినా చాలు. ఎర్రది రాకముందే కాయ పగిలిందని భీమమ్మ చెప్పింది. దిష్టి పోయిందనుకుంది. నిజానికి పోయింది పందెం. ఈ పని చేసింది పర్వేజ్. వైర్లు ముట్టుకోలేదు. కావాలని ఆలస్యం చేశాడు, అంతే."

"ఎంతసేపట్ల గీత మీదికి రావాలెనో నియమం లేదు గద?" అన్నాడు బాలన్న.

"లేదు. అందుకే మోసం అనలేను."

పర్వేజ్ తలెత్తాడు. "దినేష్ గూడ జరంత ముందుండాలెనని అంచుకు నూకిండు గద! అది తెలివి, నాది తప్పా?"

"అతను తన బండి మీద తెలివి చూపాడు. నువ్వు అతని బండి మీద చూపావు. దాని జబ్బు నీకెలా తెలిసింది?"

జవాబు ఖాదర్ దగ్గర్నుంచి వచ్చింది, చాలా నెమ్మదిగా. "నాడి చూపించుకున్నోని రోగాన్ని వాని మీదికే తోలితే వాడేం హకీంరా? నన్ను దగాకోరు అన్నందుకు గింత బాధ కాలే."

వెంట తెచ్చిన సంచి మూట విప్పి ఒక పానా తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "ప్లేట్లు మార్చు. నీ చేతులతోనే."

పర్వేజ్ దాన్ని పట్టుకుని దినేష్ బండి పక్కన కూర్చున్నాడు. దినేష్ వంగి బండి పట్టుకున్నాడు. "చాచా, మాఫ్ చెయ్యి" అన్నాడు, తలెత్తకుండానే.

ఆదివారం మంచులో మళ్లీ పందెం పెట్టారు. ఈసారి గీత మీదికి ముందు వచ్చింది పర్వేజ్. దినేష్ దూరంగా ఆగాడు. చేతులకున్న తొడుగుల వైపు ఒకసారి చూసుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. అతను నవ్వి, బండిని తిన్నగా గీత మీదికి తెచ్చాడు. భీమమ్మ రెండు చక్రాలకూ నిమ్మకాయలు ఆనించి పక్కకు తప్పుకుంది.

పచ్చబల్బు వెలిగింది. కాయలు రెండూ ఒక్కసారే చితికాయి. బండ్లు మంచులోకి వెళ్లి కనిపించకుండా పోయాయి. తారు మీద నిమ్మ వాసన మిగిలింది.

"ఎవరు గెలుస్తారక్కా?" అంది స్వరూప, కాలి మునివేళ్ల మీద లేస్తూ.

జయశ్రీ ఆ వైపు చూడటం లేదు. ఖాదర్ వెలగని ఎర్రబల్బు మీద చేయి పెట్టి నిలబడ్డాడు. అతని వెనక రుబీనా ఖాళీ అయిన పానల సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.