ఎలిజబెత్ గారి పిడికెడు

శనివారం పొద్దున గుణదలలోని ఆ ఫ్లాటులో కుక్కరు కూత కంటే ముందు ఎలిజబెత్ గారి గొంతు లేచింది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై చాలా కాలమైనా ఆవిడకి ఇల్లంతా ఇంకా క్లాసురూమే, మనుషులందరూ పాఠం రాని పిల్లలే.

"మళ్ళీ జొన్నరొట్టేనా? మహారాణి గారికి అన్నం గొంతు దిగదు కాబోలు!"

కోడలు డయానా పెనం మీద రొట్టె తిప్పింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఈ ఇంట్లో అన్నం ముట్టలేదు. ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. డైటింగ్ అనుకున్నాడు మొగుడు జోయెల్. తల్లి నోరు తెరవగానే ఫోన్లో తలదూర్చే రకం వాడు, అంతకంటే ఏం అనుకుంటాడు? పొగరని తేల్చేసింది అత్తగారు.

"ఊరందరి పిడికెళ్ళూ తిని పెరిగిన పిల్లకి సన్నబియ్యం చేదయిందట. వింటే నవ్విపోతారు!"

డయానా తండ్రి ఇశ్రాయేలు ఉయ్యూరు అవతల ఓ పల్లెలో పాస్టరు. అక్కడి సంఘంలో ఆడవాళ్ళు వంటకి బియ్యం తీసినప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు డబ్బాలో వేస్తారు. ఆ బియ్యమే పాస్టరు గారింట్లో ఎసట్లో పడుతుంది. ఎలిజబెత్ గారికీ అలాంటి డబ్బా ఒకటుంది. దాని గురించి ఆవిడ గొప్ప చెప్పుకోని ఆదివారం లేదు.

"మధ్యాహ్నం మీ నాన్న వస్తున్నారుగా? ఈసారి డబ్బా చర్చికెందుకు, ఆయనకే ఇచ్చి పంపు. మొహమాటపడరులే, అలవాటేగా."

పెనం మీద రొట్టె మాడింది. డయానా స్టవ్వు కట్టేసి డబ్బా మూత తీసింది. లోపలికి కాసేపు చూసి, గిన్నె అందుకుంది.

వియ్యంకుడి బస్సు కోసం పస్తుండే మనిషి కాదు ఎలిజబెత్ గారు. ఎప్పటిలాగే పన్నెండింటికల్లా టేబులు దగ్గర కూర్చుంది. దోసకాయ పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కొంత జావ, కొంత పలుకు, పంటికింద రాయి.

"ఛీ! ఏం వండావే ఇది? మనుషులు తినేదేనా?"

"మీ డబ్బాలో బియ్యమే అత్తయ్యగారూ. పొద్దున మా నాన్నకిమ్మన్నారు చూడండి, అవే."

"దేవుడికి తీసిన బియ్యం వండటానికి నీకెన్ని గుండెలు?"

"దేవుడికా? మనకేమో సన్నబియ్యం. దేవుడికి దోసెల కోసం కొన్న స్టోరు బియ్యం, నూకలు, పురుగుపట్టిన అడుగు బియ్యం. పిడికెడు తీసే ముందు మీరు సంచీ మారుస్తారు. వచ్చిన కొత్తలోనే చూశాను."

"అందరూ అవే వేస్తారు!" ఎలిజబెత్ గారు నోరుజారింది.

"అవును. అందరూ అవే వేశారు. మేం అవే తిన్నాం." అంది డయానా. "పది రకాల బియ్యం ఒక్కలా ఉడకవండీ. అమ్మ ఎంత జాగ్రత్తగా వండినా ఇలాగే ఉండేది. తమ్ముడు తిననని ఏడ్చేవాడు. నాన్న మాత్రం ఆ కంచం ముందు కళ్ళు మూసుకుని, ఇచ్చిన చేతులన్నిటినీ దీవించమని ప్రార్థన చేసేవారు. అన్నం చూస్తే నాకు ఆ ప్రార్థనే గుర్తొస్తుంది, ముద్ద దిగదు. నన్నేమన్నా అనండి, పడతాను. ఆ బియ్యం మాత్రం ఆయన చేతిలో పెట్టకండి. సంతోషంగా తీసుకుంటారు. అది నేను చూడలేను."

ఎలిజబెత్ గారు కంచం తోసెయ్యబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది. ఇంకో ముద్ద తినబోయింది. మింగుడుపడలేదు. లేచి చెయ్యి కడుక్కుని, తనే సన్నబియ్యం ఏరి, కడిగి కుక్కరు పెట్టింది.

ఎండలో నడిచొచ్చిన ఇశ్రాయేలు "వందనాలమ్మా" అంటూ గుమ్మంలోనే చెప్పులు విడిచాడు. ఎలిజబెత్ గారు వడ్డించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ అన్నం పెట్టిన చేతుల్ని దీవించు. మా పిల్లల్ని పెంచిన చేతులన్నిటినీ దీవించు."

ఆమెన్ అనడానికి ఎలిజబెత్ గారికి నోరు రాలేదు.

ఇశ్రాయేలు పప్పు పోయించుకోలేదు. ముందు అన్నాన్ని కంచమంతా పరిచి, వేళ్ళతో మెల్లగా వెతకసాగాడు. మల్లెపూవులాంటి అన్నంలో రాళ్ళూ వడ్లగింజలూ ఏరడానికి ఆ వేళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. డయానా తల పక్కకి తిప్పేసుకుంది.

"అందులో ఏమీ లేవండీ అయ్యగారూ," అంది ఎలిజబెత్ గారు. "నా చేత్తో ఏరాను. చల్లారకముందే తినండి."

"అలవాటమ్మా," అని ఆయన సిగ్గుగా నవ్వాడు.

ఎలిజబెత్ గారి కళ్ళలోంచి నీళ్ళు జారిపోయాయి. తుడుచుకోలేదు. కోడలు ఇంకో కంచం తెచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"నాక్కూడా కొంచెం పెట్టండి అత్తయ్యగారూ."