తెగిన తీగ ముడుచుకోలేదు

శవం ముళ్ళకంచె లోపల వెల్లకిలా పడి ఉంది.

తల వెనక దెబ్బ. రాతి స్తంభం మీద నెత్తురు. కంచెకున్న మూడు తీగల్లో కింది రెండూ తెగి నేల మీద పడున్నాయి. పై తీగ మాత్రం బిగుతుగానే ఉంది. పక్కన కాలిదారికి అడ్డంగా ఉన్న గేటుకి తాళం వేసే ఉంది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగి, ఆ పై తీగ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. అప్పటికి ఉదయం ఆరున్నర. ఆవిడ వచ్చేలోపే హంతకుడెవరో అక్కడి జనం తేల్చేశారు. తీర్పులు చెప్పేవాళ్ళకి ఎక్కడా కరువుండదు కదా!

"ఇంకెవరు మేడమ్, ఆ డ్రిల్లు మాస్టారే! తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాడు" అన్నాడు పోయినవాడి అన్న. సిల్కు చొక్కా. వేళ్ళకి ఉంగరాలు. ఉంగరాల చుట్టూ తెల్లబడ్డ పాత గాట్లు.

గుట్ట మీది ఆ బీడు అన్నదమ్ములిద్దరిదీ. దాని మధ్య నుంచి ఒక కాలిదారి ఏటి ఒడ్డుకి దిగుతుంది. ఊరు మూడు తరాలుగా ఆ దారిన నడిచింది. దారి లేదని తేలితేనే భూమి కొంటామని రిసార్టు వాళ్ళన్నారు. అన్న కంచె వేయించాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు కోర్టుకెక్కాడు. రేపే చివరి వాయిదా. ఇవాళ మాస్టారు జైలుకి వెళ్తే ఆ కేసు పట్టించుకునే నాథుడు లేడు. దారి పోయినట్టే.

మాస్టారు కంచె అవతల నిలబడ్డాడు. మెడలో విజిల్. సంచీలో కటింగ్ ప్లయర్. ఎడమ చెంప మీద మానిన గీతలు.

"ఇదివరకు తీగలు కోశారా?"

"మూడుసార్లు. పట్టపగలు, అందరికీ చెప్పి మరీ."

"ఇవాళ?"

"రేపు వాయిదా పెట్టుకుని ఇవాళ ఎవడైనా కోస్తాడా మేడమ్?"

"పొద్దున్నే మీతో నడిచే బ్యాచి కంటే ముందొచ్చారట?"

"ఓ పది నిమిషాలు. రోజూ అంతే, వాళ్ళని పిలుస్తూ విజిల్ ఊదుకుంటూ వస్తాను. వచ్చేసరికి ఆ అబ్బాయి..." ఆయన మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. "హైస్కూల్లో నా దగ్గర పరుగు నేర్చుకున్నవాడు."

"చెంప మీద ఆ గీతలు?"

"తీగ కొట్టింది. కోసిన ప్రతిసారీ కొట్టింది."

"జీపెక్కిద్దామా మేడమ్? మనిషిని చంపడానికి పది నిమిషాలు చాలు" అన్నాడు కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ తెగిన తీగ కొసని బూటుతో కదిపి చూసింది. కంచె వెంట మూలస్తంభం దాకా నడిచి, అక్కడ తీగలు బిగించే బోల్టుల మీద వేలు రాసింది. వేలికి తుప్పు పొడి అంటింది.

తమ్ముడి భార్య ఒక బండ మీద కూర్చుని ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు.

"మీ ఆయన ఇంత పొద్దున్నే ఎందుకొచ్చారమ్మా?"

"బావగారితో మాట్లాడాలన్నారు. రేపు కోర్టులో దారి ఉందనే చెప్తానన్నారు."

"నేనసలు రాలేదు. కబురు తెలిశాకే కారేసుకుని లోపలి రోడ్డున వచ్చాను" అని అందుకున్నాడు అన్న.

"కంచె పని మీకు తెలుసా?"

"నాకేం తెలుస్తుందండీ? కూలీలు కట్టారు."

ఇన్‌స్పెక్టర్ మాస్టారి ప్లయర్ అడిగి తీసుకుంది. పై తీగకి పట్టించింది. అందరూ మెడలు చాచి దగ్గరికి జరిగారు. తమ్ముడి భార్య కూడా లేచి వచ్చింది.

"కోస్తున్నా."

అన్న ఒక్క ఉదుటున మరదల్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కోయలేదు. ప్లయర్ దించింది.

"ఎందుకు లాగారు?"

"తీగ... మొహానికి కొడుతుంది కదా."

"మూడుసార్లు దెబ్బ తిన్న మాస్టారే ముందుకు వంగి చూస్తున్నారు. కంచె పని తెలీదన్న మీరొక్కరే వెనక్కి దూకారు. బిగుతు తీగ కోస్తే చుట్ట చుట్టుకుపోతుంది. ఈ రెండూ తిన్నగా పడున్నాయి. అంటే ముందు బోల్టు వదులు చేసి, తర్వాత కోశారు. కోపంతో వచ్చినవాడికి అంత ఓపికెక్కడిది? పైగా బోల్టులు లోపలి వైపున్నాయి. తీగ కోయకుండా మాస్టారు లోపలికెలా వస్తారు?"

అన్న చూపు తన కారు వైపు పోయింది.

"పెళ్ళి కాకముందు బావగారు కంచెలు కట్టేవారు" అంది తమ్ముడి భార్య మెల్లగా. "ఆ కూలి డబ్బుతోనే మా ఆయన్ని చదివించారు."

కానిస్టేబుల్ కారు డిక్కీ తెరిచాడు. స్పానర్‌కి తుప్పు పొడి అంటుకుని ఉంది.

అన్న నేల మీద కూలబడ్డాడు.

"తోశానంతే. స్తంభం తగిలింది. మళ్ళీ లేవలేదు. మాస్టారి మీదికి పోతుందని తీగలు కోశాను. మూడోది కోసేలోపు మాస్టారి విజిల్ వినపడింది." తమ్ముడి శవం వైపు చూశాడు. "దారి ఉందని ఎలా చెప్తావురా అని అడిగాను. 'నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళింది ఈ దారినే కదా అన్నయ్యా' అన్నాడు."

బేడీలు పడ్డాయి. అన్న పై తీగ కింద నుంచి దూరబోయి వంగాడు.

"ఆగండి బావగారూ."

తమ్ముడి భార్య అతని జేబులోంచి తాళంచెవి తీసింది. గేటు తలుపు బార్లా తెరిచింది.

"దారినే నడవండి. రేపు కోర్టులో ఆయన మాట నేను చెప్తాను."

అతను తల వంచుకుని గేటు దాటాడు. అప్పుడు గానీ ఆమెకి ఏడుపు రాలేదు.