రొయ్యలు కొలిచే సారు

"కొంటే కొను, లేకపోతే కింద ఎట్టు. ఇందాకట్నించి దాని జాతకం సూత్తన్నావేటి?"

నూకాలు కేకకి ఫిషింగ్ హార్బర్లో పక్క గంపల ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఒక చేత్తో రొయ్య, ఇంకో చేత్తో స్కేలు పట్టుకున్న కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"కొనడానికి కాదండి, కొలవడానికి. రీసెర్చ్ ఆఫీసు నుంచొచ్చాను. త్రినాథరావునండి."

"రొయ్యకి సొక్కా కుట్టిత్తావేటి సారూ?"

అప్పట్నుంచి ప్రతి మంగళవారం వచ్చేవాడు. వాన పడితే గొడుగు ఆమె గంప మీద పట్టి తను తడిసేవాడు. నూకాలు పైకి విసుక్కునేది. సోమవారం నుంచే తలకి నూనె రాసుకునేది.

ఒకరోజు ఉండబట్టలేక చెప్పేసింది.

"పిచ్చి సారూ, నువ్వు కొలిసేయన్నీ ఎక్స్‌పోర్టుకి ఏరిన పెద్ద రొయ్యలు. గోరంత పిల్లల్ని ఎండబెట్టుకోమని మా యారాడ ఊరోళ్లకి తోసేత్తారు బోటోళ్లు. మా ఇసకలోకి రా, సూపిత్తాను."

అతని మొహం పాలిపోయింది. ఏడాదిగా తప్పు గంపలు కొలిచాడు!

మూడు నెలలు యారాడ ఇసకలో చతికిలబడి కొలిచాడు. బోట్లు ఒడ్డు దగ్గరే సన్నకన్ను వలలతో పిల్లల్ని ఊడ్చేస్తున్నాయని, ఏటా రెండు నెలలు వేట ఆపాలని రిపోర్టు రాశాడు.

తర్వాతి మంగళవారం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఎమ్మెల్యేగారి బావమరిది ఉన్న బోట్లు చాలక ఇంకో పది కొత్తవి దింపుతున్నాడట. రొయ్యలు పుష్కలమని మార్చి రాయమంటున్నారు. లేకపోతే ట్రాన్స్‌ఫర్. ఎల్లుండే మీటింగు."

"మార్సీసావా?"

"లేదండి."

"మరి ఎల్లిపోతావా?" నూకాలు చేతిలో రొయ్యని గంపలోకి విసిరేసింది. అతను స్కేలు జేబులో పెట్టుకున్నాడు.

మీటింగులో కలెక్టరుగారి ముందు ఎమ్మెల్యేగారు నవ్వారు. "చిన్న రొయ్యలట! మా వాళ్ల బోట్లలో ఒక్కటి చూపించమనండి."

అప్పుడే తలుపు తోసుకుని నూకాలు, వాళ్లమ్మ గంగాలమ్మ, వెనక నలభైమంది ఆడవాళ్లు గంపలతో లోపలికొచ్చారు.

"ఒక్కటేటి బాబూ? ఈ పొద్దు మీ బావమరిదిగారి బోటు దింపినయ్యే ఇయన్నీ" అంటూ నూకాలు గంపెడు రొయ్య పిల్లల్ని బల్ల మీద కుమ్మరించింది. "అబద్ధమైతే బోటు డ్రైవర్ని పిలిసి అడగండి."

డ్రైవర్ వచ్చి తమ బోటువేనని ఒప్పుకున్నాడు. కలెక్టరుగారు ఒక్కొక్కటీ తీసి చూశారు. రిపోర్టులో ఒక్క అక్షరం మారలేదు. రెండు నెలల వేట నిషేధానికి అక్కడే సంతకం పడింది. త్రినాథరావు ట్రాన్స్‌ఫర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బయట గేటు దగ్గర గంగాలమ్మ అతన్ని ఆపింది.

"మీ అయ్య ఏటి సేత్తాడు సారూ?"

"ఉప్పాడలో వల వేస్తాడండి."

"అయితే మావోడివే! మరి మా పిల్లనేటైనా అడుగుతావా, దాన్ని కూడా కొలుత్తా కూకుంటావా?"

అతను నూకాలు వైపు తిరిగాడు. "నూకాలూ... నన్ను చేసుకుంటావా?"

వెనక ఎమ్మెల్యేగారి జీపు హారన్ మోగింది. ఒక్క ఆడమనిషీ పక్కకి జరగలేదు. జీపు ముందు గంప దించి, గంగాలమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"కూతంత ఆగండి బాబూ. మా పిల్ల ఊ అనాల."

నూకాలు అందరి ముందూ అతని చెయ్యి పట్టుకుంది. "ఊ!"

అప్పుడు దారిచ్చారు.