ఆబు దీవి మీద హాజరు

వెళ్లిపోయే దొరలు ఏ తోటలోనైనా కూలీలకి మేకని కోయిస్తారు, లేదా తలా ఒక పంచె పంచుతారు. కాంతయ్య పనిచేసే కొబ్బరి తోట దొరకి మాత్రం పక్షుల పిచ్చి. మెర్దెకా వచ్చి మూడు వారాలైంది, మలయా దేశం స్వతంత్రమైంది, ఆయన ఓడ టిక్కెట్టు కూడా కొనుక్కున్నాడు. పోయేముందు తన మనుషులకి ఒక మంచి రోజు చూపించాలనుకున్నాడు. బాగాన్ డాతో రేవు నుంచి పడవలో రెండు గంటలు పోతే ఆబు దీవి. ఆబు అంటే మలాయిలో బూడిద. అక్కడ వేలకొద్దీ సముద్రపు పిట్టలు, నడుమ ఎప్పుడో నిప్పులు కక్కి చల్లారిన కొండ. పొద్దున్న వెళ్లి పిట్టల్ని చూసి, కొండెక్కి, సాయంత్రానికి తిరిగి రావాలి. చీట్లు వేసి మనుషుల్ని ఎంచారు. తీసుకెళ్లి తీసుకొచ్చే బరువు తోట గుమాస్తా, అక్కడి మాటలో కిరాణి, కాంతయ్య నెత్తిన పడింది. అదీ ఆదివారం పూట.

"ఏడుగురు వెళ్తున్నారు, ఏడుగురూ ఆరులోపు రేవు గేటు దాటాలి. లెక్క సరిపోతే రేపటి నుంచి పెద్ద కిరాణి కుర్చీ నీదే," అన్నాడు దొర.

లెక్క సరిపోకపోతే ఏమవుతుందో దొర చెప్పలేదు, చెప్పక్కర్లేదు. మెర్దెకా వచ్చినా, కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ పోలేదు. అడవిలో తుపాకులవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక మనిషి తక్కువైతే అన్నం మోసుకుని అడవిలోకి పోయాడంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీ వైపు చూస్తున్న కాంతయ్య, ఏడు పేర్ల కాగితం తన చేత్తోనే రాసి జేబులో పెట్టుకున్నాడు. పైన తన పేరు. తర్వాత భార్య రత్నావతి, గంగయ్య, దేవుడమ్మ, పిల్లల్ని చూసే ఆయా థెరిసా, దాలమ్మ, చివర ముసలి తాతబాబు.

పొద్దు పొద్దున్నే చిరాకు మొదలైంది. రేవు గేటు దగ్గర కానిస్టేబుల్ లారెన్స్ వాళ్ల మూటలన్నీ విప్పించాడు. తెలిసినవాడే, తోటలోనే పెరిగినవాడే, అయినా పాలడబ్బాని గేటు మేకుకి గుద్ది రెండు బొక్కలు పొడిచాడు. అడవివాళ్ల కోసం దాచకుండా అదొక రూలు. ఆ పాలు రత్నావతి కొత్త చీర మీద కారాయి.

"టీకి పాలు నేవు, సీర పోనాది. ఎవలికి కావాలండి ఈ పిట్టలు?" అంది ఆవిడ.

"నన్నడుగుతావేటే? దొరనడుగు," అన్నాడు కాంతయ్య.

పడవ నడిపేవాడు, దీవి చూపించేవాడు ఒకడే, పాక్ సమద్ అనే మలాయి ముసలాయన. దీవి ఒడ్డున దిగగానే అందరినీ ఒక బండ దగ్గర నిలబెట్టి, తలా ఒక నల్లరాయి ఏరి దాని కింద పెట్టమన్నాడు. దిగివచ్చాక ఎవరి రాయి వాళ్లు తీసుకుని పడవెక్కాలట.

"ఎన్ని రాళ్లుంటే అంతమందే దిగుతారు. ఇంకోమాట, పైన పేర్లు పెట్టి పిలుచుకోకండి. ఇక్కడ పిలిస్తే వస్తారు," అన్నాడు మలాయిలో.

"పిలిస్తే రాడానికే కదా పిలుస్తాం!" అని తాతబాబు నవ్వాడు. పాక్ సమద్ నవ్వలేదు. కాంతయ్య గడియారం చూసుకుంటూ తన రాయిని కాలితో బండ కిందికి తోశాడు.

పిట్టల సంగతి ఒప్పుకోవాలి, చూడదగ్గవే. కొండ చరియ నిండా తెల్లగా, నల్లంచు రెక్కలతో, ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయి. ఎండకి వాటి రెట్ట వాసన ముక్కులు బద్దలు కొడుతోంది. దొర ఇచ్చిన దుర్భిణీ ఒక్కటే, దాని కోసం గంగయ్య, దేవుడమ్మ మొగుడూపెళ్లాలు పోట్లాడుకున్నారు. థెరిసా గూళ్లలో గుడ్లు లెక్కపెడుతూ కూర్చుంది. తాతబాబు మోకాళ్లు పట్టేశాయి. పదకొండుకి ఎక్కాల్సిన కొండ ఒంటిగంటకి ఎక్కడం మొదలుపెట్టారు. కాంతయ్య అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

అందరికంటే వెనక దాలమ్మ ఎక్కుతోంది. చీట్లలో ఆవిడ పేరు వచ్చినప్పుడే కాంతయ్యకి ఒళ్లు మండింది.

ఆరేళ్ల కిందటి మాట. దాలమ్మ మొగుడు సుప్పయ్య కొబ్బరి కురిడీలు ఎండబెట్టే పొగకొట్టులో పనిచేసేవాడు. తోటలో రోజూ తెల్లవారకముందే హాజరు. కాంతయ్య పేరు పిలుస్తాడు, మనిషి 'ఒచ్చినాను' అనాలి. అనకపోతే ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు. చివరి గీతని కిందికి బారుగా లాగడం కాంతయ్య అలవాటు. ఒకరోజు సుప్పయ్య ఐదు నిమిషాలు ఆలస్యంగా పరుగెత్తుకొచ్చాడు. ఒంటినిండా పొగ వాసన. "ఒచ్చినానయ్యా, రాయండి," అని చేతులు జోడించాడు. ఆ పొద్దున కాంతయ్యకి తలనొప్పి. "రాసింది రాసిందే, పో," అన్నాడు. ఆ మధ్యాహ్నమే రోడ్డు మీద ఒక లారీని ఎవరో తగలబెట్టారు. సైనికులు వచ్చి హాజరు పుస్తకం చూసి, ఇంటూ ఉన్నవాళ్లందరినీ ఎక్కించుకుపోయారు. మిగతావాళ్లు మూడోరోజుకి తిరిగొచ్చారు. సుప్పయ్య రాలేదు. క్యాంపులో పోయాడన్నారు కొందరు. ఇండియాకి పంపేస్తుంటే ఓడలోంచి దూకేశాడన్నారు ఇంకొందరు.

అతను వచ్చాడండీ, ఐదు నిమిషాలే ఆలస్యం అని కాంతయ్య ఒక్కమాట చెబితే సరిపోయేది. పుస్తకంలో తప్పు రాశావా అని తన ఉద్యోగం మీదికి వస్తుందని చెప్పలేదు. ఆ సంగతి గుర్తొస్తే అతనికి సిగ్గుకంటే ముందు చిరాకు వచ్చేది. సిగ్గు దాని కిందెక్కడో ఉండేది. ఇన్నేళ్లైనా హాజరు పిలిచేటప్పుడు దాలమ్మ పేరు తర్వాత, తాతబాబు పేరుకి ముందు, నాలుక ఒక్క క్షణం ఆగుతుంది. సుప్పయ్య పేరు అక్కడ ఉండేది.

కొండ మీద పెద్ద గొయ్యి. అంచు నుంచి చూస్తే లోపల బూడిదరంగు రాళ్లు, అట్టడుగున చీకటి. గాలి ఆగిపోయింది. నెత్తిన ఎండ, కాళ్ల కింద వేడి. మనుషులు చుట్టూ తలో దిక్కుకీ చెదిరిపోయారు. రెండున్నర దాటింది. నాలుగింటిలోపు పడవ కదలకపోతే పోటు తగ్గి నీరు తీసేస్తుంది, ఆరులోపు గేటు చేరడం కల్ల.

"దిగండర్రా!" అని అరిచాడు కాంతయ్య. ఎవరూ కదల్లేదు. "మెర్దెకా ఒచ్చి మీకు కొమ్ములు మొలిసినాయేటి?"

ఇంక ఆగలేకపోయాడు. జేబులోంచి కాగితం, ఎర్ర పెన్సిలు తీశాడు. పాక్ సమద్ కంగారుగా చెయ్యి ఊపుతున్నా చూడనట్టు, తోటలో పిలిచినట్టే బిగ్గరగా పిలిచాడు.

"రత్నావతీ!"

"ఒచ్చినాను."

"గంగయ్యా!"

"ఒచ్చినాను."

దేవుడమ్మ పలికింది. థెరిసా పలికింది. గొయ్యి అంచున ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. హమ్మయ్య, ఇదే పని ముందే చెయ్యాల్సింది అనుకున్నాడు.

"దాలమ్మా!"

"ఒచ్చినాను."

"సుప్పయ్యా!"

నోరు జారింది. అలిసిన నాలుక, పాత అలవాటు. కాంతయ్య పళ్లు కొరుక్కున్నాడు.

పిట్టల అరుపు ఆగిపోయింది. వేల పిట్టలు... ఒక్కసారిగా.

"ఒచ్చినానయ్యా..."

గొయ్యి అడుగునుంచి వచ్చింది ఆ గొంతు. ఆయాసంగా. పరుగెత్తుకొచ్చిన మనిషి గొంతు. దాని వెనకే వాసన... కొబ్బరి కురిడీల పొగ వాసన.

"...రాయండి."

రానివాడికి ఏం చెయ్యాలో కాంతయ్య చేతికి ఒకటే తెలుసు. కాగితం మీద ఇంటూ కొట్టి, గీత కిందికి లాగింది. ఎక్కడ కొట్టిందో అతను చూడలేదు.

"తాతబాబూ," అన్నాడు. తాతబాబు పలికాడు. పిట్టలు మళ్లీ అరవడం మొదలుపెట్టాయి. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. ఎవరికీ వినపడలేదు కాబోలు. ఎండదెబ్బ, అంతే, అనుకున్నాడు కాంతయ్య. పాక్ సమద్ మాత్రం గొయ్యిలోకి చూస్తూ ఏదో జపం చేసుకుంటున్నాడు.

దిగేటప్పుడు ముందు వెళ్లేవాళ్ల వీపులు లెక్కపెట్టాడు. ఆరు ఉండాలి. ఏడొచ్చాయి. పాక్ సమద్‌ని కలిపేశానేమో అనుకున్నాడు. చూస్తే ముసలాయన ఎప్పుడో కిందికి చేరిపోయాడు. మళ్లీ లెక్కపెట్టాడు, రాళ్ల మలుపులో కుదరలేదు. "ఆగండర్రా, వరసన నిలబడండి!" అన్నాడు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. దాలమ్మ అందరికంటే ముందు నడుస్తోంది. పొద్దున్న అందరికంటే వెనక ఉన్న మనిషి! ఆరేళ్లుగా పువ్వు పెట్టని తలలో ఏదో అడవిపువ్వు కూడా పెట్టుకుంది. ఇన్నాళ్లకి ఈ సోకేమిటో అని విసుక్కున్నాడు.

"ఏటే, మంచినీల్లు ఇలా తే," అన్నాడు రత్నావతితో. ఆవిడ పలకలేదు. పొద్దున్న కసిరినందుకు అలక కాబోలు. ఆవిడ చేతిలోని సీసా లాక్కోబోయాడు. అది అందేలోపే ఆవిడ ముందుకి వెళ్లిపోయింది. దాహంతో, కోపంతో అతనికి కళ్లు తిరిగాయి.

బండ దగ్గర ఒక్కొక్కరే వంగి రాయి తీసుకున్నారు. చివర కాంతయ్య వంగాడు. కింద ఏమీ లేదు. ఇసకంతా తడిమాడు.

"నా రాయి ఎవలు తీసేసినారు?"

పడవలో తాతబాబు ఏదో చెప్పి అందరినీ నవ్విస్తున్నాడు. పాక్ సమద్ తాడు విప్పేస్తున్నాడు. కాంతయ్య నడుంలోతు నీళ్లలో పరుగెత్తి, పడవ వెనక చెక్క పట్టుకుని, ఎలాగో పైకి పాక్కుంటూ చేరాడు. ఎవరూ చెయ్యి అందివ్వలేదు. పాక్ సమద్ మాత్రం కూర్చున్నవాళ్లని వేలితో లెక్కపెట్టి, "ఏడు," అని, అతను పట్టుకున్న చెక్క వైపు చూడకుండా తలపాగా మొహం మీదికి లాక్కున్నాడు.

దారంతా పొగ వాసన. దాలమ్మ పక్కన, తడి తువ్వాలు కప్పుకుని ఒక మగమనిషి వంగి కూర్చున్నాడు. గంగయ్యే అనుకున్నాడు కాంతయ్య. కానీ గంగయ్య ఎదురుగా దుర్భిణీ తుడుచుకుంటున్నాడు. ఆ తర్వాత కాంతయ్య అటు చూడలేదు. రేవు చేరితే చాలు, లారెన్స్ ఉంటాడు, కాగితం ఉంది, అంతా తేలిపోతుంది అని రెండు గంటలూ అదే అనుకుంటూ కూర్చున్నాడు.

గేటు దగ్గరికి చేరేసరికి ఆరుకి ఐదు నిమిషాలు. కాగితం ఎప్పుడు చేతులు మారిందో, లారెన్స్ దాన్ని చూసి పేర్లు చదువుతున్నాడు. ఒక్కొక్కరూ 'ఒచ్చినాను' అంటూ కర్ర కిందనుంచి అవతలికి పోతున్నారు.

"దాలమ్మా."

"ఒచ్చినాను."

"సుప్పయ్యా."

"ఒచ్చినానయ్యా."

తడి తువ్వాలు మనిషి గేటు దాటాడు.

"ఆడు మనవోడు కాడు! లారెన్స్, ఆపు!" కాంతయ్య తోసుకుంటూ వెళ్లాడు. తాతబాబు కూడా దాటేశాడు. లారెన్స్ ఏడు అని రాసుకుని, కాగితాన్ని గేటు మేకుకి గుచ్చాడు. పొద్దున్న పాలడబ్బా పొడిచిన మేకే.

కాంతయ్య చదివాడు. దాలమ్మ, తాతబాబు పేర్ల మధ్య ఇంకో పేరుంది, తన చేతిరాతలోనే. అన్నిటికంటే పైన, తన పేరు పక్కన, ఎర్ర ఇంటూ గుర్తు. చివరి గీత బారుగా కిందికి దిగింది.

"లారెన్స్," అన్నాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "నేనొచ్చినాను. రాయి తంబీ... రాయి."

లారెన్స్ గడియారం చూసుకుని గేటు కర్ర దించాడు. అవతల రత్నావతి ఒక్కతే ఆగి, రేవు వైపు చూస్తోంది.

"ఏమక్కా, ఎవలకోసం? అందరూ ఒచ్చినారు కదా," అన్నాడు లారెన్స్.

"ఏటో... మర్సిపోయినట్టు ఉన్నాది," అంది ఆవిడ. కాంతయ్య ఆవిడ పేరు పిలిచాడు. గొంతు చించుకుని పిలిచాడు. ఆవిడ కాసేపు నిలబడి, చీర మీది పాల మరక గోటితో గీరుకుంటూ మిగతావాళ్ల వెనక వెళ్లిపోయింది.

అతను బొటనవేలికి ఉమ్ము రాసి ఆ ఇంటూని తుడిచాడు. పోలేదు. మళ్లీ తుడిచాడు. వెనక సముద్రం మీద చీకటి పడుతోంది. అటువైపు నుంచి, చాలా దూరం నుంచి, ఎవరో హాజరు పిలుస్తున్నారు. అతను ఎప్పుడూ వినని పేర్లు. పేరు పేరుకీ ఎవరో 'ఒచ్చినాను' అంటున్నారు. పిలిచే గొంతు మాత్రం తెలుసు. నిద్ర చాలని, తలనొప్పితో ఉన్న, చిరాకు గొంతు. తనదే.

"కాంతయ్యా!"

రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"కాంతయ్యా!"

అరచేతుల కింద తన పెదవులు 'ఒచ్చి...' అంటూ కదలడం అతనికి తెలిసింది.